ఓడ కొలత: టన్ను చరిత్ర

1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణములో 'జల ఉష' అను ఓడను నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారు సముద్రప్రవేశము చేయించిరి. అది 8,000 టన్నుల ఓడ. ఈ మాట విన్నవారు ఆ ఓడ బరువు 8,000 టన్నులని అనుకొనుట సహజము. కాని ఆ సంఖ్య ఓడ బరువు కాదు. ఆ ఓడ మోయగల బరువు.

1912లో మునిగిపోయిన 'టైటానిక్' ఓడ సంగతి చూడుడు. దాని పరిమాణము ఒకచోట 46,328 టన్నులని, వేరొకచోట 21,831 టన్నులని, మరియొకచోట సుమారు 52,310 టన్నులని కనబడును. ఈ మూడు సంఖ్యలును సరియైనవే. మొదటి రెండును బరువులే కావు. అవి ఓడ లోపలి చోటును తెలుపు సంఖ్యలు. మూడవది మాత్రమే బరువు. ఒకే మాట రెండు వేరు వేరు విషయములకు పేరెట్లయినది? ఈ ప్రశ్నకు సమాధానము ఏడువందల సంవత్సరముల చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రలో సుంకమును ఎగవేయదలచిన వర్తకులున్నారు, గణితజ్ఞులున్నారు, తప్పుడు కొలతకు ప్రాణములు బలియిచ్చిన నావికులును ఉన్నారు.

నీటిలో తూచుట

ఓడను త్రాసులో పెట్టి తూచుట సాధ్యము కాదు. ఆ పని నీరే చేయును. తేలుచున్న వస్తువు తన బరువునకు సమానమైన బరువుగల నీటిని తొలగించునని ఆర్కిమెడీస్ సూత్రము చెప్పుచున్నది. కనుక ఓడ మునిగిన భాగము ఎంత నీటిని తొలగించినదో లెక్కించిన చాలును, ఓడ బరువు తెలియును. ఇట్లు తెలిసిన బరువునకు స్థానభ్రంశ భారమని పేరు.

గోదావరి రేవులలో బండ్లను, జనమును దాటించు పంటును ఉదాహరణగా తీసికొందము. అది పెట్టెవలె ఉండి, 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కలిగియున్నదనుకొందము. ఖాళీగా ఉన్నప్పుడు అది 40 సెంటీమీటర్లు మునిగినచో, తొలగిన నీరు 20 × 5 × 0.4, అనగా 40 ఘనపు మీటర్లు. మంచినీరు ఘనపు మీటరునకు ఒక టన్ను తూగును గనుక పంటు బరువు 40 టన్నులు. సరుకు ఎక్కించిన పిమ్మట అది ఒక మీటరు మునిగినచో మొత్తము బరువు 100 టన్నులు. ఈ రెంటికిని గల తేడా 60 టన్నులు. అది పంటు మోసిన బరువు. దీనినే మోతబరువు అందురు. 'జల ఉష'ను గూర్చి చెప్పిన 8,000 టన్నులు ఇట్టివే. ఓడల మోతబరువులో సరుకే గాక ఇంధనము, త్రాగునీరు, ఆహారము, నావికులు కూడ చేరుదురు.

అదే పంటును సముద్రములోనికి తీసికొనిపోయినచో ఏమగును? సముద్రపు నీరు ఉప్పుచేత బరువెక్కి ఘనపు మీటరునకు సుమారు 1.025 టన్నులు తూగును. 100 టన్నుల పంటునకు అచట 97.6 ఘనపు మీటర్ల నీటిని తొలగించిన సరిపోవును. కనుక అది సుమారు రెండున్నర సెంటీమీటర్లు పైకి తేలును. సముద్రమునుండి హుగ్లీ నదిలో ప్రవేశించి కలకత్తా చేరు ఓడ ఇందుకు విరుద్ధముగా కొంచెము లోతునకు దిగును.

ఈ పద్ధతి ఇంత సులభముగా ఉండగా సుంకములన్నియు దీనిని బట్టియే ఎందుకు విధించలేదు? దూది ఎక్కించిన ఓడ బరువుచేత మునుగక మునుపే చోటు లేక నిండిపోవును. ఇనుము ఎక్కించిన ఓడ చోటు మిగిలియుండగనే మునుగవలసినంత లోతునకు మునుగును. వర్తకునకు ఒకప్పుడు బరువు ముఖ్యము, ఒకప్పుడు చోటు ముఖ్యము. ఓడల కొలతలోని చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

మూరలు, పీపాలు

పొడవు, వెడల్పు, ఎత్తులను బట్టి ఓడలను విభజించుట మన దేశములో పూర్వమే కలదు. 11వ శతాబ్దమునాటి భోజరాజు పేర నున్న 'యుక్తికల్పతరువు' అను సంస్కృత గ్రంథము సామాన్య నౌకలను పది తరగతులుగా విభజించినది. వానిలో చిన్నదైన 'క్షుద్ర' 16 మూరల పొడవు, 4 మూరల వెడల్పు, 4 మూరల ఎత్తు గలది. పెద్దదైన 'మంథర' 120 మూరల పొడవు, 60 మూరల వెడల్పు, 60 మూరల ఎత్తు గలది. కొన్ని కొలతల ఓడలు కీడు కలిగించునని కూడ ఆ గ్రంథము చెప్పుచున్నది.

మన తీరములో సుంకము విధించినప్పుడు లెక్కకు వచ్చినది ఓడ కాదు, అందలి సరుకు. కాకతీయ గణపతిదేవుడు 1244-45 నాటి మోటుపల్లి శాసనములో విదేశ వర్తకులకు అభయమిచ్చుచు, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకమును నిర్ణయించెను. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును రాజు హరింపడని కూడ అందులో ప్రకటించెను. సరుకును చూచి సుంకము వేయునప్పుడు ఓడ పరిమాణముతో పని లేదు. కాని ప్రతి ఓడలోని ప్రతి మూటను విప్పి చూచుట శ్రమతో కూడిన పని. ఓడను బట్టియే సుంకము వేసినచో ఆ శ్రమ తప్పును. ఐరోపాలో ఈ ఆలోచన ద్రాక్షసారాయ వర్తకములో మొలకెత్తినది.

ఫ్రాన్సు దేశపు బోర్డో రేవునుండి ఇంగ్లండునకు మధ్యయుగములో ద్రాక్షసారాయ పెద్ద పీపాలలో పోవుచుండెను. ఆ పీపాను ఆంగ్లేయులు 'టన్' అనిరి. అందులో 252 గ్యాలనుల సారాయ పట్టును. దాని బరువు ఇంచుమించు 2,240 పౌండ్లు. ఒక ఓడలో ఎన్ని పీపాలు పట్టునో అదియే ఆ ఓడ పరిమాణము. నూరు పీపాలు పట్టు ఓడ నూరు టన్నుల ఓడ. 14వ శతాబ్దము నాటికి ఇంగ్లండు రాజులు దిగుమతియగు పీపాకు ఇంతయని సుంకము తీసికొనుచుండిరి.

పీపా ఒక బరువు; ఒక చోటు కూడ. ఆ ఒక్క మాట తరువాత రెండు దారులు పట్టినది. ఒక దారిలో 2,240 పౌండ్ల బరువునకు 'టన్ను' అను పేరు నిలిచినది. రెండవ దారిలో అది ఓడ లోపలి చోటుకు కొలతయైనది. 'టైటానిక్' లెక్కలలోని గందరగోళమునకు మూలము ఇదియే.

సగము వెడల్పు చేసిన చేటు

ప్రతి ఓడలోను పీపాలు పేర్చి లెక్కించుట సాధ్యము కాదు గనుక సూత్రములు బయలుదేరినవి. 1582లో మాథ్యూ బేకర్ అను ఆంగ్ల నౌకానిర్మాత, ఓడకు వెన్నెముకవంటి అడుగుదూలపు పొడవును, ఓడ వెడల్పును, లోతును అడుగులలో గుణించి, నూటిచే భాగింపుమని చెప్పెను. ఇది మంచి సూత్రమే. అయితే సరుకుతో నిండిన ఓడలోనికి దిగి లోతు కొలుచుట అధికారులకు కష్టమాయెను. ఓడల లోతు సాధారణముగా వెడల్పులో సగముండును గనుక, లోతును కొలువనక్కరలేదని, దానికి బదులు వెడల్పులో సగమును తీసికొనవచ్చునని నిశ్చయించిరి. 1773 నాటి బ్రిటిషు చట్టము ఈ పద్ధతిని స్థిరపరచెను. పొడవునుండి వెడల్పులో అయిదింట మూడు వంతులు తీసివేసి, మిగిలినదానిని వెడల్పుతోను, వెడల్పులో సగముతోను గుణించి, 94చే భాగింపవలెను.

ఈ సూత్రములో లోతు అను మాట లేదు. దాని ఫలితమేమో చూడుడు. ఒక ఓడ 100 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, 12½ అడుగుల లోతు గలది. సూత్రము ప్రకారము 85 × 25 × 12½ ను 94చే భాగించిన సుమారు 283 టన్నులు వచ్చును. రెండవ ఓడ అంతే పొడవు గలది. వెడల్పు 20 అడుగులే. కాని యజమాని దాని లోతును 15 అడుగుల 7½ అంగుళములు చేసెను. పొడవు, వెడల్పు, లోతులను గుణించి చూచినచో రెండు ఓడలకును ఒకే ఫలితము, 31,250 ఘనపుటడుగులు వచ్చును. కాని చట్టము ప్రకారము రెండవది 88 × 20 × 10 ను 94చే భాగించిన, 187 టన్నుల ఓడ మాత్రమే. సరుకు అంతే, సుంకము మాత్రము మూడింట ఒక వంతు తక్కువ!

ఓడ యజమానులు ఈ లెక్కను గ్రహింపకపోలేదు. ఇరుకుగా, లోతుగా, పెట్టెలవలె ఉండు ఓడలు పెరిగినవి. ముందుభాగమును కోసుగా చేసినచో లోపలి చోటు తగ్గునే గాని సుంకము తగ్గదు. కనుక ఆ భాగమును మొద్దుగా ఉంచిరి. సముద్రము చట్టమును చదువలేదు. వెడల్పు వలన ఓడకు కలుగు నిలకడ ఆ వెడల్పు యొక్క ఘనమును అనుసరించి మారును. 25 ఘనము 15,625. 20 ఘనము 8,000. అనగా వెడల్పు అయిదవ వంతు తగ్గగా, దానివలని నిలకడ సగమునకు పడిపోవును. గాలివానలో ఒరిగిన ఓడ మరల నిలువగలదా లేదా అను ప్రశ్నకు సమాధానము ఒక సుంకపు సూత్రములో చిక్కుకొనియుండెను.

1835లో చేసిన చట్టము ఓడ లోపల కొన్ని స్థలములలో నిజముగా కొలువవలెనని శాసించెను. దీనినుండియు వర్తకులు దారి వెదకిరి. పొడవును ఓడ లోతులో సగమువద్ద కొలుచుచుండుట చూచి, అబర్డీన్ నౌకానిర్మాతలు ఆపై ముందుభాగమును ముందునకు వాలునట్లు కట్టిరి. 1839లో వారు నిర్మించిన 'స్కాటిష్ మెయిడ్' అట్టిది. ఈసారి మేలే జరిగినది. వాలిన ముక్కుగల ఆ ఓడలు వేగముగా పోయినవి.

మూర్సం చేసిన పని

1849లో బ్రిటిషు ప్రభుత్వము నియమించిన సంఘమునకు జార్జి మూర్సం కార్యదర్శిగా ఉండెను. ఏదియు ఊహింపక, ఓడ లోపలి ఘనపరిమాణమును ఉన్నదున్నట్లు కొలువవలెనని అతని మతము. ఓడ ప్రక్కలు వంపుగా ఉండును గదా! అతడు ఓడను పొడవునకు అడ్డముగా అనేక ఖండములుగా ఊహించి, ప్రతి ఖండపు వైశాల్యమును కనుగొని, వానినుండి మొత్తము ఘనపరిమాణమును సాధించెను. ఇందుకు 18వ శతాబ్దపు గణితజ్ఞుడు థామస్ సింప్సన్ పేర ప్రసిద్ధమైన సూత్రము ఉపయోగపడినది. వంపు గీత క్రింది వైశాల్యమును కనుగొను ఆ సూత్రమును నేటికిని విద్యార్థులు నేర్చుచున్నారు.

ఎన్ని ఘనపుటడుగులు ఒక టన్ను? క్రొత్త లెక్క వలన దేశములోని ఓడలపై సుంకము మొత్తముమీద మారరాదు. బ్రిటిషు వాణిజ్య నౌకలన్నిటి ఘనపరిమాణమును పాత లెక్కలోని మొత్తము టన్నులచే భాగించి చూడగా 98.22 ఘనపుటడుగులు వచ్చెను. సౌలభ్యమునకై దానిని 100 చేసిరి. 1854 నాటి చట్టముతో 100 ఘనపుటడుగుల చోటు ఒక రిజిస్టరు టన్నైనది. అది 2.83 ఘనపు మీటర్లకు సమానము. ఓడ లోపలి మొత్తము చోటు స్థూల టన్నేజి; అందునుండి యంత్రములకు, నావికులకు కేటాయించిన చోటు తీసివేయగా మిగిలినది నికర టన్నేజి. 'టైటానిక్' మొదటి రెండు సంఖ్యలు ఇవియే. క్రమముగా ఇతర దేశములును ఈ పద్ధతిని అవలంబించినవి.

అయినను సందులు మిగిలినవి. మరచక్రముగల ఆవిరి ఓడలో యంత్రశాల చోటు స్థూల టన్నేజిలో నూటికి 13కు మించి 20కి లోపుగా ఉన్నచో, నూటికి 32 తీసివేయవచ్చునని చట్టములో ఉండెను. 1,000 టన్నుల ఓడలో యంత్రశాల 131 టన్నులున్నచో 320 టన్నులకు సుంకము తప్పును. కనుక 13కు కొంచెము మించునట్లు యంత్రశాలలను కట్టుట పరిపాటియైనది. గాలివానకు మూయబడని చోటు లెక్కకు రాదను నియమము మరియొక సందు. పై డెక్కులో తాత్కాలికమైన మూతతో ఒక రంధ్రము ఉంచిన చాలును, దాని క్రింది విశాలమైన చోటంతయు లెక్కనుండి తప్పిపోవును. సుంకము తగ్గించుకొనుటకై ఓడకు బుద్ధిపూర్వకముగా రంధ్రము పెట్టు విచిత్రము 20వ శతాబ్దములోను కొనసాగినది.

ఒక గీతకై పోరాటము

చోటును ఎంత సరిగా కొలిచినను, ఆ చోటులో ఎంత బరువు ఎక్కించవచ్చునో ఆ కొలత చెప్పదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో దీనికి హద్దు లేకుండెను. పాతబడిన ఓడలకు భీమా చేయించి, అంచులవరకు సరుకు నింపి పంపు యజమానులుండిరి. ఓడ చేరినచో లాభము, మునిగినచో భీమా సొమ్ము. నావికులు వానిని శవపేటిక ఓడలనిరి. పనికి ఒప్పుకొని వ్రాలు చేసిన నావికుడు, ఓడ స్థితి చూచి ఎక్కనన్నచో చెరసాలకు పోవలసినదే.

డర్బీ పట్టణమునుండి పార్లమెంటునకు ఎన్నికైన సామ్యుయెల్ ప్లిమ్సాల్ (1824-1898) ఈ అన్యాయముపై 1873లో 'మన నావికులు' అను గ్రంథమును ప్రకటించెను. 1875 జులై 22న ప్రధానమంత్రి డిజ్రేలీ నావికుల రక్షణ బిల్లును ప్రక్కన పెట్టగా, ప్లిమ్సాల్ సభలో పిడికిలి ఊపుచు, మనుష్యులను మృత్యువునకు పంపు ఓడ యజమానులను దుర్మార్గులని నిందించెను. అతడు పిమ్మట క్షమాపణ చెప్పవలసివచ్చెను. కాని ప్రజలు అతని పక్షము వహించిరి. 1876లో ప్రతి ఓడ ప్రక్కను భారరేఖ వేయవలెనను చట్టము వచ్చెను.

ఆ చట్టములో పెద్ద లోపముండెను. గీత వేయవలెనని చెప్పిరే గాని ఎచట వేయవలెనో చెప్పలేదు. స్థానమును నిర్ణయించు అధికారము యజమానిదే. ఒక ఓడ పెద్ద దానిని పొగగొట్టము మీద వేయించెనని కథ చెప్పుదురు. 1890లో వచ్చిన చట్టముతో గాని గీత స్థానము యజమాని ఇష్టమునుండి తప్పి ప్రభుత్వ నియమములకు లోబడలేదు. 1930లోను, మరల 1966లోను అంతర్జాతీయ ఒడంబడికలు దీనిని అన్ని దేశములకును వర్తింపజేసినవి.

నేడు ఓడ మధ్యభాగమున ప్రక్కను 300 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయమును, దాని మధ్యగా 450 మిల్లీమీటర్ల అడ్డగీతయు కనబడును. దాని ప్రక్కన నిచ్చెన మెట్లవలె మరికొన్ని గీతలుండును. మంచినీటిలో ఓడ ఎక్కువ మునుగును గనుక దానికొక గీత. ఉష్ణమండలమునకు, వేసవికి, శీతకాలమునకు వేరు వేరు గీతలు. ఉష్ణమండలపు గీత వేసవి గీతకంటె, మునుగులోతులో 48వ వంతు పైన ఉండును. శీతకాలపు గీత అంతే క్రింద ఉండును. సముద్రము ఎంత కోపిష్ఠిదైన అంత తక్కువ బరువు అని దీని అర్థము. 1966 ఒడంబడిక బంగాళాఖాతమును డిసెంబరు 1 నుండి ఏప్రిల్ 30 వరకు ఉష్ణమండలపు గీతకును, మే 1 నుండి నవంబరు 30 వరకు వేసవి గీతకును చేర్చినది. ఋతుపవనములును, మన తీరమునకు సుపరిచితమైన తుపానులలో అధికభాగమును ఈ రెండవ కాలములోనే వచ్చును.

ఒకే లెక్క

టన్నేజిలోని సందులను మూయుటకు 1969లో లండనులో అంతర్జాతీయ సమావేశము జరిగెను. జూన్ 23న ఆమోదింపబడిన ఒడంబడిక 1982 జులై 18 నుండి క్రొత్త ఓడలకును, 1994 జులై 18 నుండి పాత ఓడలకును వర్తించినది. అంతర్జాతీయ యాత్రలు చేయు, 24 మీటర్లు గాని అంతకు మించి గాని పొడవుగల ఓడలకు ఇదియే ప్రమాణము. మూతగల రంధ్రముల ఉపాయము ఇక చెల్లదు. మూసియున్న చోటంతయు ఘనపు మీటర్లలో లెక్కకు వచ్చును. ఆ ఘనపరిమాణపు సంవర్గమానమును 0.02చే గుణించి, 0.2 కూడి, వచ్చిన సంఖ్యచే ఘనపరిమాణమును గుణింపవలెను. 10,000 ఘనపు మీటర్ల ఓడకు సంవర్గమానము 4. కనుక గుణకము 0.28, స్థూల టన్నేజి 2,800. 1,00,000 ఘనపు మీటర్ల ఓడకు గుణకము 0.30, టన్నేజి 30,000. ఇది కేవలము సంఖ్య. దీనికి ప్రమాణము లేదు. దానిని 'టన్నులు' అనుట కూడ సరికాదు.

ఈ లెక్కయు నిర్దోషము కాదు. నావికులు నివసించు గదులు కూడ స్థూల టన్నేజిలో చేరును గనుక, ఆ గదులను ఇరుకు చేయుటకు ఇది ప్రోత్సాహమిచ్చుచున్నదను విమర్శ ఉన్నది.

చోటు, బరువు అట్లుండగా, కొన్ని సందర్భములలో పొడవు వెడల్పులే శాసించును. 1914లో తెరచిన పనామా కాలువ జలబంధముల వెడల్పు 110 అడుగులు. అందుచేత అమెరికా 'అయోవా' తరగతి యుద్ధనౌకలను 108 అడుగుల 2 అంగుళములకు మించని వెడల్పుతో నిర్మించిరి. అంతటి మహానౌకకు ఇరుప్రక్కల మిగిలినది అడుగునకు లోపే. 2016లో 55 మీటర్ల వెడల్పుగల క్రొత్త జలబంధములు తెరచిన పిమ్మట వాణిజ్యనౌకల వెడల్పులును పెరిగినవి.

కావున ఒక ఓడ ఇన్ని టన్నులని పత్రికలో చదివినప్పుడు, ఏ టన్నులని ప్రశ్నింపవలెను. యుద్ధనౌకయైనచో అది సాధారణముగా స్థానభ్రంశ భారము. చమురు, ఖనిజములు మోయు ఓడయైనచో మోతబరువు. ప్రయాణీకుల ఓడయైనచో స్థూల టన్నేజి. పెట్టెలలో సరుకు మోయు ఓడలను 20 అడుగుల పెట్టెలు ఎన్ని పట్టునో దానిని బట్టి లెక్కింతురు. ఇది పీపాలు లెక్కించిన పాత పద్ధతికి తిరిగి వచ్చినట్లే యున్నది.

విశాఖపట్టణము, కాకినాడ రేవులకు పోయిన విద్యార్థులు నిలిచియున్న ఓడల ప్రక్కలను పరికించి చూచినచో, నీటి అంచు సమీపమున ఆ వలయము, గీతలు కనబడును. సరుకు ఎక్కుచున్నకొలది నీరు ఆ గీతను సమీపించును. గీతను నీరు తాకిన పిమ్మట ఎక్కింపు ఆగవలసినదే. ఓడపై వ్రాయు సంఖ్యలన్నిటిలోను ఆ గీత ఒక్కటియే సుంకము కొరకు గాక, లోపలివారి ప్రాణముల కొరకు వేయబడినది.